చేపల తొట్టెకో కాపలా గంట

కుక్కర్ విజిల్ వేస్తే పెరట్లో ఉన్నా పరుగెత్తుకొస్తాం. పాలు పొంగితే వాసనే చెబుతుంది. తలుపు సరిగ్గా పడకపోతే ఇప్పటి ఫ్రిజ్‌లు కుయ్ కుయ్‌మని గోల పెడతాయి. కానీ చేపల తొట్టెలో మోటారు ఆగిపోతే? కొత్తగా ఏ చప్పుడూ రాదు. ఉన్న చప్పుడు కాస్తా ఆగిపోతుంది. ఆగిపోయిన చప్పుడు ఎవరి చెవిన పడుతుంది చెప్పండి!

అలా ఎవరి చెవినా పడకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో, తర్వాత దానికి మేం ఏం ఏర్పాటు చేసుకున్నామో చెబుదామని రాస్తున్నాను. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. ఫ్యూజు వెయ్యడానికి కూడా మావారినే పిలిచేదాన్ని. అలాంటి నాకే అర్థమైందంటే మీకు అర్థం కాకపోవడమంటూ ఉండదు.

ఇంట్లో కరెంటు ఉంది, తొట్టెకి లేదు

మాది విజయవాడలో అపార్ట్‌మెంటు. హాల్లో రెండున్నర అడుగుల తొట్టె, సుమారు 80 లీటర్ల నీళ్ళు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మారాం చేసి కొనిపించుకుంది. పెద్దదానికి బుజ్జమ్మ అని పేరు కూడా పెట్టింది. అది ఇంజనీరింగ్‌కని విశాఖపట్నం హాస్టల్‌కి వెళుతూ, "అమ్మా, బుజ్జమ్మ జాగ్రత్త" అని చెప్పి మరీ వెళ్ళింది. నా ఆరోగ్యం గురించి ఒక్క మాట చెప్పలేదు లెండి!

2023 మే నెలలో తెనాలిలో పెళ్ళికి మేమంతా శుక్రవారం సాయంత్రం వెళ్ళాం. తాళం పక్కింటి పిన్నిగారికిచ్చి, రోజుకోసారి చిటికెడు మేత వెయ్యమని, కరెంటు పోతే ఫోన్ చెయ్యమని చెప్పాను. పాపం ఆవిడ శనివారం వచ్చారు, ఆదివారం వచ్చారు. లైటు వేస్తే వెలిగింది. ఫ్యాను తిరిగింది. కరెంటు ఉంది కదా అనుకుని మేత వేసి వెళ్ళిపోయారు.

ఆదివారం రాత్రి మేం తలుపు తీసేసరికి మూడు చేపలు తేలిపోయి ఉన్నాయి. బుజ్జమ్మ వాటిలో ఒకటి. నాలుగోది నీటి పైకి మూతి పెట్టి గుటకలేస్తోంది. చూస్తే తొట్టె వెనకాల జంక్షన్ బాక్సు మీద నీటి చుక్కలు పడి, ఆ ఒక్క లైను ట్రిప్ అయింది. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ వేరే లైన్ల మీద ఉన్నాయి. ఇంటినిండా కరెంటే, తొట్టెకి తప్ప!

ఆ కంగారులో నేను పిన్నిగారితో, "మోటారు చప్పుడు లేదని మీరు చూసుకోలేదాండీ?" అనేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. తర్వాత ఇరవై రోజులు మా గడప తొక్కలేదు. అమ్మాయి వీడియో కాల్‌లో "బుజ్జమ్మని చూపించమ్మా" అంటే, లైటు ఆర్పేశానని ఓసారి, పడుకుందని ఓసారి అబద్ధాలాడాను. పది రోజులకి నిజం చెప్పాను. అది ఏడ్చింది. "చేపలు పోయినందుకు కాదమ్మా, నువ్వు దాచినందుకు" అంది. ఆలోచిస్తే తప్పు పిన్నిగారిదీ కాదు, నాదీ కాదు. రోజూ ఆ మోటారు చప్పుడు వినని మనిషికి అది లేదని ఎలా తెలుస్తుంది?

చేపకి గాలి గొడవేమిటి?

చేప పీల్చేది నీటిలో కరిగిన ప్రాణవాయువుని. 25 డిగ్రీల వేడి దగ్గర లీటరు నీటిలో ఎనిమిది మిల్లీగ్రాములకి కాస్త పైన మాత్రమే ప్రాణవాయువు నిలుస్తుంది. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ గాలి తగ్గుతుంది, చేపకి మాత్రం ఇంకా ఎక్కువ గాలి కావాలి. మన ఎండాకాలం వాటికి ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫైటర్, గౌరామి లాంటి చేపలకి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకునే అవయవం ఉంటుంది, అవి కొంత తట్టుకుంటాయి. గోల్డ్‌ఫిష్‌కి అది లేదు. ఇంకో సంగతి. ఫిల్టరులోని స్పాంజిలో మంచి సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేపల మలినం నుంచి వచ్చే అమ్మోనియా విషాన్ని విరిచేవి అవే. నీళ్ళు పారడం ఆగితే వాటికీ గాలి ఆడదు. మోటారు ఆగిన తొట్టెలో మేత వేస్తే, ఆ కుళ్ళు ఉన్న కాస్త గాలినీ మింగేస్తుంది. పాపం పిన్నిగారు మంచికి వేసిన మేత అలా చేటు చేసింది.

అన్నయ్య చెరువు దగ్గర విన్న మాట

మా పెద్దన్నయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువుంది. ఫోన్లో ఈ సంగతంతా చెబితే నవ్వాడు.

"ఏమ్మా, చెరువు నిండా రొయ్యలేసుకుని, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో రాత్రంతా కళ్ళతో చూసుకుంటా కూర్చుంటామా? కరెంటు పోతే షెడ్డులో సైరన్ మోగుద్ది. లేచి జనరేటర్ వేస్తాం. తెల్లవారుజామున చెరువులో గాలి బాగా తగ్గిపోద్ది. అప్పుడు కరెంటు పోయి మనం నిద్దరోతే పంటే పోద్ది" అన్నాడు.

తర్వాత రెండు మాటలు చెప్పాడు. నేను కాగితం మీద రాసుకున్నాను.

ఒకటి: కరెంటు పోయిందని చెప్పే గంట కరెంటు మీద పనిచెయ్యకూడదు.

రెండు: గంటని స్తంభం దగ్గర కాదు, మోటారుకి వచ్చే వైరు దగ్గరే పెట్టాలి.

ఈ రెండో మాట వినగానే నా నోట మాట రాలేదు. మా ఇంట్లో జరిగింది అచ్చంగా అదే కదా!

ఇంట్లో చేయించుకునే గంట

మా వీధిలో కరెంటు పని చేసే కుర్రాడిని పిలిచి చెబితే, సామాను తెచ్చి అరగంటలో చేసిచ్చాడు. సామానుకి ఐదు వందల లోపే అయింది.

కావలసినవి: 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న రిలే, దాని బేసు, 9 వోల్టుల బ్యాటరీ, ఆ బ్యాటరీతో పనిచేసే బజర్, చిన్న స్విచ్చి, ఇవన్నీ పెట్టడానికి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఒక ప్లగ్గు వైరు.

పద్ధతి: రిలే అంటే కరెంటు ఉన్నంతసేపూ అయస్కాంతంలా పనిచేసి ఒక రేకుని లాగి పట్టుకునే పరికరం. కరెంటు పోగానే స్ప్రింగు ఆ రేకుని వెనక్కి లాగేస్తుంది. అది వెళ్ళి రెండో వైపు తగులుతుంది. బ్యాటరీని, బజర్‌ని ఆ రెండో వైపుకి కలుపుతారు. అంటే కరెంటు ఉన్నంతసేపూ బజర్ నోరు మూసుకుని ఉంటుంది, బ్యాటరీ కూడా ఖర్చు కాదు. కరెంటు పోయిన క్షణం నుంచి మోగుతుంది. డబ్బా ప్లగ్గుని తొట్టె మోటార్లున్న జంక్షన్ బాక్సులోనే పెట్టాలి. హాల్లో ఇంకో ప్లగ్గులో పెడితే మళ్ళీ మా కథే!

ఇది మాత్రం మీరు సొంతంగా చెయ్యొద్దు. 230 వోల్టులతో పని, పక్కనే నీళ్ళు. పని తెలిసినవాళ్ళ చేతే చేయించుకోండి. ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే చాలు, తప్పు చేస్తే మనం పట్టుకోగలం.

మా అత్తయ్యగారి నిద్ర

గంట పెట్టిన మూడో రోజే చిక్కొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, బజర్ మోగింది. మా అత్తయ్యగారికి అప్పుడే కునుకు పట్టింది. "ఇదేం గోలమ్మా, ఇల్లా రైల్వే స్టేషనా?" అని లేచి స్విచ్చి ఆపేశారు. పది నిమిషాల్లో కరెంటు వచ్చింది. స్విచ్చి వెయ్యడం అందరం మరిచిపోయాం. ఆ రాత్రి మళ్ళీ కరెంటు పోయింది, గంట మోగలేదు. ఉక్కపోతకి నేను లేచాను కాబట్టి సరిపోయింది.

అత్తయ్యగారిని అనేదేముంది? విసుగు పుట్టించే గంటని ఎవరైనా ఆపేస్తారు. అందుకని రెండు మార్పులు చేశాం. మొదటిది, కరెంటు పోయిన పది నిమిషాలకి గాని మోగకుండా ఆ కుర్రాడి చేత చిన్న టైమర్ పెట్టించాం. అది కూడా బ్యాటరీ మీద నడిచేదే. పది నిమిషాల్లో చేపలకేమీ కాదు. రెండోది, డబ్బాకి ఎర్ర రిబ్బను కట్టాం. గంట ఆపినవాళ్ళు ఆ రిబ్బను తీసి ఫ్రిజ్ హ్యాండిల్‌కి కట్టాలి. ఫ్రిజ్ తలుపు తియ్యకుండా మన ఇళ్ళల్లో గంటైనా గడవదు కదా! రిబ్బను కనబడిందంటే స్విచ్చి వెయ్యలేదని అర్థం. ఈ ఉపాయం అత్తయ్యగారిదే.

ఊరెళ్ళేటప్పుడు

ఇంట్లో ఎవరూ లేనప్పుడు గంట మోగితే ఏం లాభం? దానికి అమ్మాయి సెలవులకొచ్చినప్పుడు ఇంకో ఏర్పాటు చేసింది. ఎంత కరెంటు ఖర్చవుతోందో కొలిచే స్మార్ట్ ప్లగ్గు ఒకటి తెచ్చింది. వెయ్యి రూపాయల చిల్లర అయింది. కొనేటప్పుడు వాట్లు కొలిచే రకమేనా అని అడగండి. ఉత్తి ఆన్ ఆఫ్ రకాలూ ఉంటాయి, అవి దీనికి పనికిరావు. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకే కలుస్తాయి, అదీ చూసుకోండి.

గోడ ప్లగ్గులో స్మార్ట్ ప్లగ్గు, దానికి జంక్షన్ బాక్సు, ఆ బాక్సులో గాలి మోటారు, ఫిల్టరు. అంతే. లైటుని వేరే ప్లగ్గుకి మార్చాం. లైటు వేసినప్పుడల్లా, ఆర్పినప్పుడల్లా లెక్క మారిపోతే అసలు సంగతి తెలియదు కదా.

మా ఫిల్టరు 15 వాట్లు, గాలి మోటారు 4 వాట్లు. రెండూ కలిపి 19. అమ్మాయి మొదట "పదికి తగ్గితే మెసేజి రావాలి" అని పెట్టింది. నేను వేళ్ళ మీద లెక్కేసి, "అయితే గాలి మోటారు ఒక్కటీ ఆగితే 15 ఉంటుంది కదే, అది తెలిసేదెలా?" అన్నాను. అది నోరు తెరిచింది! కూర లెక్క, కరెంటు లెక్క ఒకటే. వారం రోజులు పొద్దున, రాత్రి అంకె చూసి క్యాలెండరు మీద రాశాను. వోల్టేజి హెచ్చుతగ్గులకి 18 నుంచి 20 మధ్య ఊగుతోంది. అందుకని 17కి తగ్గితే మెసేజి అని పెట్టాం. ఇప్పుడు రెండింట్లో ఏది ఆగినా తెలుస్తుంది. మీ మోటార్ల అంకెలు వేరుగా ఉంటాయి. మీరూ వారం చూసి గాని పెట్టకండి. మరీ చిన్న మోటారు, రెండు మూడు వాట్లది, ఒంటరిగా పెడితే కొన్ని ప్లగ్గులు దాన్ని సరిగ్గా కొలవలేవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్నయ్య చెప్పిన మొదటి మాట గుర్తుందా? ఈ ప్లగ్గు కరెంటు మీద బతికేది. లైను మొత్తం పోతే తనూ పోతుంది, ఇక మెసేజి ఎవరు పంపుతారు? అందుకని యాప్‌లో "ప్లగ్గు అందుబాటులో లేదు" అనే మెసేజి కూడా వచ్చేలా విడిగా పెట్టుకోవాలి. ఆ సదుపాయం అన్ని యాప్‌లలో ఉండదు, కొనేముందే అడగండి. వై-ఫై పెట్టెని ఇన్వర్టర్ మీద ఉంచితే, నెట్ పోయిందా, ప్లగ్గుకి కరెంటు పోయిందా అనే గందరగోళం తగ్గుతుంది. నెట్ లేని ఇళ్ళకి సిమ్ కార్డు వేసే అలారాలున్నాయి. లోపల సొంత బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోతే ఫోన్ చేస్తుంది. ఆ సిమ్‌కి రీచార్జి మరిచిపోతే మాత్రం మూగదైపోతుంది.

ఫోను రాత్రి సైలెంట్‌లో పెట్టే అలవాటుంటే, ఈ ఒక్క యాప్‌కి చప్పుడు వచ్చేలా మినహాయింపు పెట్టుకోండి.

ఇన్వర్టర్ ఉంటే చాలదా?

ఉంటే మంచిదే. గాలి మోటారు, ఫిల్టరు కలిపి ఒక ఫ్యాను తినేంత కరెంటు కూడా తినవు. కానీ ఆ రోజు మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది! ట్రిప్ అయిన లైనుకి, వదులైన ప్లగ్గుకి, పని మనిషి తుడుస్తూ ఆపేసిన స్విచ్చికి ఇన్వర్టర్ ఏం చేస్తుంది? గంట కావాల్సింది అందుకే.

గంట చెప్పని సంగతులు

ఇదీ తెలిసి ఉండాలి. ఈ గంట చెప్పేది కరెంటు సంగతి, నీళ్ళ సంగతి కాదు. గాలి మోటారు లోపలి రబ్బరు చిరిగితే కరెంటు తింటూనే ఉంటుంది, బుడగలు మాత్రం రావు. ఫిల్టరు చక్రానికి నాచు పట్టి తిరగకపోయినా కొన్ని మోటార్లు అంతే కరెంటు లాగుతాయి. కాబట్టి రోజుకోసారి బుడగలు, నీటి ధార కళ్ళతో చూడాల్సిందే.

హీటరు వాడేవాళ్ళు దానికి వేరే ప్లగ్గు పెట్టుకోండి. హీటరు మామూలుగా కాసేపు పనిచేసి, కాసేపు ఆగుతుంది. ఆగకుండా గంటల తరబడి కరెంటు తింటోందంటే లోపల థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండవచ్చు, చేపలు ఉడికిపోతాయి. గోల్డ్‌ఫిష్‌కి మన ప్రాంతంలో హీటరు అక్కర్లేదు.

గంట మోగాక ఏం చెయ్యాలి?

• ముందు ఏ లైను పోయిందో చూడండి. ఒకసారి స్విచ్చి పైకెత్తాక మళ్ళీ ట్రిప్ అయితే మొండిగా ఎత్తకండి. జంక్షన్ బాక్సు ప్లగ్గు తీసేసి, పని తెలిసినవాళ్ళని పిలవండి.

• బ్యాటరీ గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు పోగానే తనంతట తనే పనిచేసే రకాలు కూడా దొరుకుతున్నాయి.

• అది లేకపోతే తొట్టె మూత తీసి, మగ్గుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి మెల్లిగా పోస్తూ ఉండండి.

• మేత వెయ్యకండి. ఒక పూట మేత లేకపోతే చేపకేమీ కాదు.

• ఫిల్టరు చాలా గంటలు ఆగిపోయి ఉంటే వెంటనే వెయ్యకండి. లోపలి చెడు నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టె నీళ్ళతో కడిగాకే వెయ్యండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది.

జాగ్రత్తలు

• తొట్టెలోంచి వచ్చే ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. మా కొంప ముంచింది ఈ చుక్కే.

• గాలి మోటారుని నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టానికి నీళ్ళు వెనక్కి రానివ్వని చిన్న వాల్వు వేయించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కొచ్చి మోటారులోకి దిగుతాయి.

• తొట్టెలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీసెయ్యండి. ఇంటి బోర్డులో షాకు కొట్టకుండా కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కనుక్కోండి.

• వారానికోసారి ప్లగ్గు తీసి గంట మోగుతోందా చూడండి. మోగని గంటని నమ్ముకోవడం కంటే గంట లేకపోవడమే నయం. మా ఇంట్లో శుక్రవారం దీపం పెట్టాక ఆ పని. బ్యాటరీ ఏడాదికోసారి మార్చేస్తాను.

2024 మే నెలలో అమ్మాయి సామాను తీసుకురావడానికి మేమంతా విశాఖపట్నం వెళ్ళాం. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఫోనుకి మెసేజి వచ్చింది, ప్లగ్గు అందుబాటులో లేదని. చేతులు వణికాయి. పిన్నిగారికి ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికే మా తలుపు తాళం తీస్తున్నారు! యాప్‌ని ఆవిడ ఫోనుకి కూడా అమ్మాయే కలిపిందని నేనే మరిచిపోయాను. లైను ట్రిప్ అయింది, పైకెత్తితే మళ్ళీ పడిపోయింది. ప్లగ్గు తీసేసి, బ్యాటరీ మోటారు వేసి, రాయి నీళ్ళలో వదిలి, బుడగలు వచ్చేదాకా నిలబడ్డారు. తర్వాత చూస్తే గాలి మోటారు వైరు పైతొడుగు చిట్లింది.

ఊరి నుంచి రాగానే ఆవిడకి స్వీటు పట్టుకెళ్ళి, ఏడాది కిందట నేనన్న మాటకి క్షమించమన్నాను. "పోనిద్దూ! అప్పుడు నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు, ఇప్పుడు గంట చెప్పింది" అన్నారు పిన్నిగారు.

ఆ నాలుగో చేప ఇప్పుడు అరచెయ్యంత అయింది. అమ్మాయి దానికి కూడా బుజ్జమ్మ అనే పేరు పెట్టింది.